“ఆ బస్సులో నేను ఎక్కడ కూర్చునేవాణ్ణి అమ్మా?” అని ఐదేళ్ళ పిల్లాడు అడిగితే ఏం చెప్తారు?

బుజ్జిగాడి అమ్మ (అట్లాంటా)

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఈ విషయం మనసులోంచి పోవడం లేదు. ఇక్కడ రాస్తే ఏదైనా దారి దొరుకుతుందని ఆశ.

మా వాడికి ఐదేళ్ళు, కిండర్‌గార్టెన్. నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ పేరుమీద వచ్చే సెలవుకి ముందు క్లాసులో రోజా పార్క్స్ కథ చెప్పారట. అప్పట్లో ఇక్కడ దక్షిణ రాష్ట్రాల బస్సుల్లో తెల్లవాళ్ళు ముందు, నల్లవాళ్ళు వెనక కూర్చోవాలి. 1955లో ఒక తెల్లాయనకి సీటు ఇవ్వమంటే లేవనన్న నల్లావిడే ఈ రోజా పార్క్స్. ఆ రాత్రి స్నానం చేయిస్తుంటే అడిగాడు, “అమ్మా, ఆ బస్సులో నేను ముందు కూర్చునేవాణ్ణా, వెనకా?” అని. నాకు ఏం చెప్పాలో తోచలేదు. “అప్పుడు మనం ఈ దేశంలో లేం కదా నాన్నా” అన్నాను. “ఉంటే?” అన్నాడు. “నీళ్ళు చల్లారిపోతున్నాయి, లే” అని మాట మార్చేశాను.

మర్నాడు చూస్తే చేతుల్ని సబ్బుతో ఎర్రగా అయ్యేదాకా రుద్దుకుంటున్నాడు. ఎందుకురా అంటే, “నలుగు పెడితే తెల్లగా అవుతానని నానమ్మ చెప్పింది కదా” అన్నాడు. బస్సులో ముందు సీటు కోసం వాడు పడుతున్న తంటా అదని అర్థమయ్యేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

మా ఆయన మాత్రం “ఇంత పసివాడికి అవన్నీ ఎందుకు, పెద్దయ్యాక వాడే చదువుకుంటాడు” అంటున్నారు. అలా వదిలేయడం నాకు సబబనిపించడం లేదు. కానీ ఎలా మొదలుపెట్టాలో, ఎంత చెప్పాలో తెలియడం లేదు. మీ ఇళ్ళల్లో ఏం చేశారో చెప్పండి.

కొత్త నాన్న (డాలస్)

అక్కా, నేను మీ వారి పక్షమే. మా పాపకి నాలుగేళ్ళు. దాని డేకేర్‌లో అన్ని రంగుల పిల్లలూ ఉన్నారు, ఎవరు ఏ రంగో దానికి పట్టదు, అందరూ ఫ్రెండ్సే. లేనిపోని తేడాలు మనమే దాని బుర్రలోకి ఎక్కించినట్టు అవుతుందేమో. ఎప్పుడో జరిగిన ఘోరాలు వినిపించి పిల్లల్ని భయపెట్టడం నాకు ఇష్టం లేదు. పదేళ్ళు వచ్చాక చెప్పొచ్చు.

పలక బలపం (న్యూజెర్సీ)

బుజ్జిగాడి అమ్మ గారూ, నేను ఇక్కడ ప్రైమరీ స్కూల్లో పదకొండేళ్ళుగా చెప్తున్నాను. ముందు కొత్త నాన్న గారికి ఒక మాట. మీ పాప రంగును గమనించడం లేదని అనుకోకండి. బూట్ల రంగూ జడ పొడుగూ గమనించే పిల్ల ఒంటి రంగును ఎందుకు గమనించదు? గమనిస్తుంది, మీరు ఆ మాట ఎత్తరు కాబట్టి ఎత్తకూడదేమో అనుకుంటుంది. మనం నోరు మూసుకుంటే ఆ ఖాళీని పిల్లలే ఏదో ఒక కారణంతో నింపుకుంటారు. “వాళ్ళు సరిగ్గా స్నానం చేయరు” అని ఒక కిండర్‌గార్టెన్ పిల్ల నాతో అంది. ఎవరో నేర్పిన మాట కాదది, తనంతట తాను కట్టుకున్న లెక్క. ఆ లెక్క సరిచేయడానికి పదేళ్ళ దాకా ఆగుతామా?

1940ల్లో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వవేత్తల జంట పిల్లల ముందు తెల్లబొమ్మనూ నల్లబొమ్మనూ పెట్టి, ఏది మంచిది, ఏది చెడ్డది అని అడిగారు. నల్లపిల్లల్లో కూడా ఎక్కువమంది తెల్లబొమ్మే మంచిదన్నారు. అంతా మూడు నుంచి ఏడేళ్ళ లోపు వాళ్ళే. తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ వేరు వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో వీళ్ళ పరిశోధననీ ప్రస్తావించారు. ఇప్పుడు మీ బాబు సబ్బు సంగతి ఆలోచించండి.

ఎలా చెప్పాలంటే, నేను పాటించేది ఒక్కటే. అడిగినదానికి నిజం చెప్తాను, చిన్నగా చెప్తాను, ఆ తర్వాత వాళ్ళ ప్రశ్న కోసం ఆగుతాను. రంగు గురించి అడిగితే, ఒంట్లో మెలనిన్ అనే పదార్థం ఉంటుంది, ఎండకు అది గొడుగు లాంటిది, ఎండ ఎక్కువ కాసే చోట తరతరాలుగా బతికినవాళ్ళకి గొడుగు దట్టంగా ఉంటుంది అంటాను. ఐదేళ్ళ వాళ్ళకి అది చాలు. రుద్దితే పోయేది కాదనీ, పోగొట్టుకోవాల్సింది కాదనీ ఇద్దరూ కలిసి చెప్పండి, మీరూ మీ వారూ.

క్రేయాన్లతో కూడా మాట మొదలుపెడతాను. క్రేయోలా పెట్టెలో ఒకప్పుడు ‘ఫ్లెష్’ అని ఒక రంగు ఉండేది, ఒంటి రంగు అని అర్థం. అది తెల్లవాళ్ళ ఒంటి రంగు మాత్రమే. 1962లో దాని పేరు ‘పీచ్’ అని మార్చారు. 2020లో ఒంటి రంగులే 24 ఉన్న పెట్టె తెచ్చారు. “ఒకే రంగుకి ఒంటి రంగు అని పేరు పెడితే మిగతావాళ్ళకి ఏమనిపిస్తుంది?” అని అడిగితే పిల్లలు చెప్పే జవాబులు మీరు వినాలి.

ఒక్కటి మాత్రం చేయకండి. పిల్లల్ని ముందూ వెనకా కూర్చోబెట్టి ఆ బస్సు నాటకం ఆడించకండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక క్లాసులో అలా చేయడం చూశాను. వెనక కూర్చోబెట్టిన ఒక పిల్ల తర్వాత వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

మెంఫిస్ మామయ్య

అమ్మా, నేను 1994లో ఈ దేశం వచ్చాను. నా పిల్లలు పెద్దవాళ్ళైపోయారు. మీ వాడు అడిగిన ప్రశ్న నన్ను నా కొడుకు కూడా అడిగాడు, నేనూ మీలాగే మాట దాటేశాను. ఆ తర్వాత చాలా చదివాను. ఆ ప్రశ్నకి నిజంగా జవాబు ఉంది, చెప్తాను.

1941లో మన స్వాతంత్ర్య సమరయోధురాలు కమలాదేవి చట్టోపాధ్యాయ అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో రైల్లో వెళ్తున్నారు. తెల్లవాళ్ళ పెట్టెలో కూర్చుంటే టికెట్ కలెక్టరు వచ్చి లేవమన్నాడు. ఆమె లేవలేదు. భారతదేశం నుంచి వచ్చిందని తెలిశాక అతను మెత్తబడ్డాడు. అక్కడ ఆమె “నేను పరాయి దేశం మనిషిని” అని తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు. నేనూ రంగున్న స్త్రీనే, ఇక్కడ నుంచి కదలను అని చెప్పారు. రోజా పార్క్స్‌కి 14 ఏళ్ళ ముందు మాట ఇది. మీ వాడికి చెప్పాల్సిన మొదటి కథ ఇదేనని నా అభిప్రాయం.

1964లో రామమనోహర్ లోహియా మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో ఒక హోటల్లో భోజనానికి వెళ్తే లోపలికి రానివ్వలేదు. అప్పటికి ఆయన మన లోక్‌సభ సభ్యుడు. మర్నాడు పంచె కట్టుకుని మళ్ళీ వెళ్ళారు, పోలీసులు పట్టుకున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే, అదే మిసిసిపీలో మార్తా లమ్ అనే తొమ్మిదేళ్ళ చైనా పిల్లని తెల్లవాళ్ళ బడిలోంచి పంపేశారు. 1927లో సుప్రీంకోర్టు కూడా అది సరేనంది. అంటే మనలాంటి మధ్యరంగు వాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలో వాళ్ళకే స్పష్టంగా తెలియదు. ఒక్కోచోట ఒక్కోలా జరిగేది.

కోర్టు మన గురించి కూడా తేల్చింది. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ పౌరసత్వం అడిగితే, భారతీయులు తెల్లవాళ్ళు కారు, కాబట్టి పౌరులు కాలేరని 1923లో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు వచ్చిన పౌరసత్వాలు కూడా కొందరికి లాగేశారు. 1946లో మనవాళ్ళు వలస రావడానికి తలుపు కాస్త తెరిచారు, ఏడాదికి వందమందికి. అసలు తలుపు తెరుచుకుంది 1965లో. దానికి ముందు ఏడాదే పౌరహక్కుల చట్టం వచ్చింది. నల్లవాళ్ళు బస్సుల్లో, బళ్ళల్లో, వీధుల్లో దెబ్బలు తిని సాధించిన గాలి వీస్తున్నప్పుడే, ఏ దేశం వాళ్ళైనా సమానమే అనే ఆ వలస చట్టం కూడా వచ్చింది. మన వీసాల వెనక వాళ్ళ నెత్తురు ఉంది. ఇది నా పిల్లలకి చెప్పడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది, మీకు అంత పట్టకూడదు.

ఇంకొక్క మాట. రోజా పార్క్స్ కాళ్ళు నొప్పి పుట్టి లేవలేదని పిల్లల పుస్తకాల్లో చెప్తుంటారు. అది నిజం కాదు. ఆమె అప్పటికి 42 ఏళ్ళ మనిషి, నల్లవాళ్ళ హక్కుల సంఘంలో ఏళ్ళ తరబడి కార్యదర్శిగా పనిచేసిన మనిషి. కూర్చున్నది తెల్లవాళ్ళ వరసలో కూడా కాదు, వెనక భాగం మొదటి వరసలో. తెల్లాయన నిలబడ్డాడని లేవమన్నారు. అంతకు తొమ్మిది నెలల ముందే క్లాడెట్ కోల్విన్ అనే 15 ఏళ్ళ బడిపిల్ల అదే ఊళ్ళో లేవనంది. రోజా పార్క్స్ కూడా లేవనన్నాక ఆ ఊళ్ళో నల్లవాళ్ళంతా 381 రోజులు బస్సు ఎక్కకుండా నడిచారు. ఒక్కళ్ళు అలసిపోయి చేసిన పని కాదు అది, వేలమంది కలిసి చేసిన పని. పిల్లలకి ఈ తేడా తెలియాలి.

తణుకు అమ్మమ్మ (ప్రస్తుతం షార్లెట్‌లో కూతురి దగ్గర)

తల్లీ, నలుగు మాట చదివాక నేను రాయకుండా ఉండలేకపోయాను. ఆ నానమ్మ నేనే అనిపించింది.

నా చిన్నప్పుడు మా ఇంట్లో నేనొక్కదాన్నే నలుపు. చుట్టాలు వస్తే అక్కని ముందు గదిలోకి పిలిచేవారు, నన్ను కాఫీలు కలపమనేవారు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు “చామనఛాయ అన్నారు, ఇది చామనఛాయా?” అని మా నాన్న ముందే అన్నారు. అంత పడ్డదాన్ని, నా కూతురు కడుపుతో ఉంటే నేనే కుంకుమపువ్వు పాలు తాగించాను. మనవరాలు పుట్టగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట “రంగు వాళ్ళ నాన్నది వచ్చింది, పోన్లే” అని. ఆ మాటకి నా కూతురు ఆసుపత్రిలో మొహం అటు తిప్పుకుంది.

ఇప్పుడు ఆ పిల్లకి ఆరేళ్ళు. పక్కింటి నల్లావిడ చాలా మంచిది, నాకు నడకలో తోడు. ఒకరోజు నేను ఫోన్లో చెల్లెలితో “పక్కన నల్లోళ్ళు ఉంటారు గానీ పర్లేదు” అన్నాను. మనవరాలు విని, “పర్లేదు అంటే ఏంటి అమ్మమ్మా?” అని అడిగింది. ఆ ‘గానీ’ ఎందుకు వచ్చిందో నాకు నేనే చెప్పుకోలేకపోయాను.

అప్పటినుంచి దానికి కృష్ణుణ్ణి నల్లనయ్య అని ఎందుకు పిలుచుకుంటామో చెప్తున్నాను. ఒంటికి నలుగు పెట్టేటప్పుడు “మెత్తగా ఉంటుంది” అంటాను, “తెల్లగా” అనను. ఆ బాబు నానమ్మతో మీరు కోపంగా మాట్లాడకండి తల్లీ. ఆవిడ కూడా ఎక్కడో ఒకచోట కాఫీలు కలిపే ఉంటుంది.

వరంగల్ బిడ్డ (హైదరాబాద్)

అందరూ మంచి మాటలు చెప్పిన్రు. మెంఫిస్ మామయ్య రాసింది చదివి మా ఇంట్లో కూడా వినిపించాను. కానీ ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తున్నాను.

మా నాయిన చిన్నప్పుడు మా ఊరి చాయ్ హోటల్లో ఆయనకు వేరే గ్లాసు. బయట గూట్లో పెట్టి ఉండేది. తాగాక ఆయనే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. చాయ్ మాత్రం పైనుంచి పోసేవారు. ఈ మాట నాకు మా నాయిన ఎప్పుడూ చెప్పలేదు. ఆయన పోయినంక మా పెదనాయిన చెప్పిండు. ఎందుకు దాచిపెట్టిండో నాకు ఇప్పటికీ బాధే. నా బిడ్డకి ఏడేళ్ళు. దానికి దాచొద్దని నిర్ణయించుకున్నాను.

మా వీధి మూల మీద అంబేద్కర్ విగ్రహం ఉంది. “ఈయన ఎవరు నాయినా” అంటే బడి కథతో మొదలుపెట్టాను. చిన్నప్పుడు ఆయన క్లాసులో అందరితో కాకుండా విడిగా, ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చోవాలి. దాహమైతే కుండ ముట్టుకోకూడదు. ప్యూన్ వచ్చి పైనుంచి పోస్తేనే నీళ్ళు. ప్యూన్ రాని రోజు దాహంతో ఉండాల్సిందే. నా బిడ్డ చాలాసేపు ఆలోచించి, “నా వాటర్ బాటిల్ ఇచ్చేదాన్ని” అంది. ఆ తర్వాతే అంటరానివాళ్ళని ముట్టనివ్వని మహద్ చెరువు సంగతి చెప్పాను, 1927లో వేలమందితో వెళ్ళి ఆయన దోసిలితో నీళ్ళు తాగిన సంగతి. తాత గ్లాసు గురించి కూడా చెప్పాను.

కింగ్ గారు 1959లో మన దేశం వచ్చారు. తిరువనంతపురంలో దళిత పిల్లలు చదివే బడికి వెళ్తే, అక్కడి ప్రిన్సిపాల్ “అమెరికా నుంచి వచ్చిన మనలాంటి అంటరాని మనిషి” అని ఆయన్ని పరిచయం చేశారట. మొదట మనసు చివుక్కుమన్నదట. తర్వాత తన రెండు కోట్ల మంది బతుకులు తలుచుకుని, అవును, నేను అంటరానివాణ్ణే అనుకున్నానని 1965లో తన చర్చి ప్రసంగంలో ఆయనే చెప్పారు. మీ పిల్లలకు రోజా పార్క్స్ కథ చెప్పండి, తప్పకుండా చెప్పండి. కానీ మన ఊళ్ళో కూడా బస్సు లాంటిది ఒకటుండేదనీ, అందులో ముందు సీట్లలో మనవాళ్ళే కూర్చున్నారనీ కూడా చెప్పాలి కదా, మీలో ఎవరి ఇళ్ళకి అది వర్తిస్తే వాళ్ళు.

కొత్త నాన్న (డాలస్)

అన్నా, నిజాయితీగా అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. నాలుగేళ్ళ పిల్లకి కులం అనే మాట నేర్పమంటారా? అది తెలియకుండా పెరగాలనే కదా ఇంత దూరం వచ్చింది.

వరంగల్ బిడ్డ (హైదరాబాద్)

మాట నేర్పనక్కరలేదు తమ్మీ. గ్లాసు కథ చెప్పు చాలు. తెలియకుండా పెరగడం ముందు సీట్లోవాళ్ళకే కుదిరేది. నా బిడ్డకు అది రేపు బడిలో ఎవరో ఒకరు చెప్తారు, వాళ్ళకన్నా ముందు నేను చెప్తే దెబ్బ కొంచెం తక్కువ తగులుతుంది.

గోధుమ చేలు (కాన్సాస్)

నాది చిన్న మాట. 2017 ఫిబ్రవరిలో మా పక్క ఊరు ఒలేతలో, ఒక బార్‌లో కూర్చున్న మన తెలుగు ఇంజనీరుని ఒక తెల్లవాడు “నా దేశంలోంచి పో” అని అరిచి కాల్చి చంపాడు. అప్పుడు మా పెద్దవాడికి ఆరేళ్ళు. మేం ఏమీ చెప్పలేదు, టీవీ కట్టేశాం. వాడికి స్కూల్లో తెలిసింది. వారం రోజులు నాన్న ఆఫీసుకి బయలుదేరితే కాలు పట్టుకుని వదిలేవాడు కాదు.

చివరికి కూర్చోబెట్టి చెప్పాం. ఒక మనిషి ద్వేషంతో చాలా చెడ్డపని చేశాడు, పోలీసులు పట్టుకున్నారు అన్నాం. అతన్ని ఆపబోయి తూటా తిన్న ఇంకో మనిషి ఉన్నాడు, ఆయనా తెల్లాయనే అని కూడా చెప్పాం. వాడు అడిగింది ఆయన గురించే, “ఆయనకి నయమైందా?” అని. నయమైందని చెప్పాక ఆ రాత్రి పడుకున్నాడు. ఒక వారం ముందే చెప్పి ఉంటే ఆ వారం భయం వాడికి ఉండేది కాదు.

కొత్త నాన్న (డాలస్)

నిన్న రాత్రి పాపతో బొమ్మలాట ఆడాను. ఇంట్లో ఐదు బొమ్మలున్నాయి, అందులో ఒకటి నల్లది, ఎవరో పుట్టినరోజుకి ఇచ్చింది. దొంగ ఎవరు అని అడిగితే పాప ఆలోచించకుండా ఆ నల్లబొమ్మని తీసింది. ఎందుకమ్మా అంటే “అది అలాగే ఉంటుంది” అంది. నేనెప్పుడూ అలాంటి మాట ఇంట్లో అనలేదు, అదే నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. పలక బలపం గారూ, నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. కులం సంగతి ఇంకా ఆలోచించుకోవాలి, దానికి నా దగ్గర జవాబు లేదు.

బుజ్జిగాడి అమ్మ (అట్లాంటా)

అందరికీ చేతులెత్తి దండం. ఈ శనివారం ముగ్గురం ఆబర్న్ అవెన్యూకి వెళ్ళాం, కింగ్ గారు పుట్టిన వీధికి. ఇన్నేళ్ళుగా అరగంట దూరంలో ఉంటూ ఒక్కసారి కూడా వెళ్ళలేదు. 1963లో ఆయన బర్మింగ్‌హామ్ జైల్లోంచి రాసిన ఉత్తరంలో ఒక మాట ఉంది. ఆరేళ్ళ కూతురు టీవీలో ఫన్‌టౌన్ అనే పార్కు చూసి తీసుకెళ్ళమంటే, అక్కడికి నల్లపిల్లల్ని రానివ్వరని చెప్పబోయి ఆయనకి నాలుక మడతపడిందట. అంత గొప్పగా మాట్లాడే మనిషికి, ఇదే ఊళ్ళో. నా బాత్రూంలో నాకు మాట రాకపోవడం గురించి అప్పుడు కాస్త ధైర్యం వచ్చింది.

కమలాదేవి గారి రైలు కథ కార్లో చెప్పాను. “నువ్వు ఎక్కడ కూర్చునేవాడివో వాళ్ళకే సరిగ్గా తెలియదు నాన్నా. ఒకోసారి ముందు, ఒకోసారి వెనక. ఆవిడ మాత్రం వెనక కూర్చునేవాళ్ళ వైపు ఉంటానంది” అన్నాను. వాడు రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆరేళ్ళ రూబీ బ్రిడ్జెస్ 1960లో న్యూ ఆర్లియన్స్‌లో తెల్లవాళ్ళ బడికి మార్షల్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారుల కాపలాతో వెళ్ళిందనీ, మిగతా పిల్లల్ని వాళ్ళ అమ్మానాన్నలు పంపకపోతే ఏడాదంతా క్లాసులో ఒక్కతే ఉందనీ చెప్తే, “మరి ఎవరితో ఆడుకుంది?” అన్నాడు. బార్బరా హెన్రీ టీచర్ ఆడించేదని చెప్పాను. మా అత్తగారితో ఫోన్లో అమ్మమ్మ గారి పోస్టు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “మా అమ్మ నన్ను ఎండలోకి పంపేది కాదు” అన్నారు, అంతే.

కానీ ఇంటికి వస్తూ వాడు ఇంకో ప్రశ్న వేశాడు. “రూబీ వాళ్ళ తాతగార్లు కూడా మనలాగే విమానంలో వచ్చారా?” అని. మా ఆయనే జవాబిచ్చారు, “లేదురా, ఓడలో” అని. ఆ తర్వాత ఇద్దరం ఆగిపోయాం. ఇది ఎలా చెప్పాలి?

పలక బలపం (న్యూజెర్సీ)

మీ వారు మొదలుపెట్టారు కదా, అదే సంతోషం. ఓడలో గొలుసుల సంగతి, కొరడాల సంగతి ఇప్పుడు వద్దు. వాడికి ఎనిమిదో తొమ్మిదో వచ్చాక. ఇప్పుడు చెప్పాల్సింది, వాళ్ళు రావాలనుకుని రాలేదు, పట్టుకొచ్చారు అన్నది. “బానిసలు వచ్చారు” అనకండి. రైతుల్నీ కమ్మరుల్నీ అమ్మల్నీ నాన్నల్నీ ఎత్తుకొచ్చి, జీతం లేకుండా పని చేయించి, పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి అమ్మేశారు, అలా మనుషుల్ని బానిసలుగా చేశారు అని చెప్పండి. చేసినవాళ్ళు ఎవరో ఆ వాక్యంలో ఉండాలి. వర్జీనియాలో 1619లో మొదలై 1865 దాకా, అంటే తాతకి తాతకి తాత కాలం అంతా సాగిందని చెప్తే వాడికి కొంత అందుతుంది. ఆగిపోయిందా అని అడుగుతాడు. ఆగింది, వాళ్ళు పారిపోయి, ఎదిరించి, యుద్ధంలో పోరాడి ఆపడంలో చేయి వేశారు అని చెప్పండి.

మన పిల్లలకి ఒక దగ్గరి దారి ఉంది. మీ జార్జియా తీరంలోనూ సౌత్ కరొలైనాలోనూ ఒకప్పుడు వరి పండించేవారు. ఆ మడులు కట్టినవాళ్ళు, ఆటుపోట్ల నీళ్ళు మళ్ళించినవాళ్ళు పశ్చిమ ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చిన మనుషులే. వాళ్ళ ఊళ్ళల్లో వాళ్ళు తరతరాలుగా వరి రైతులు, మన గోదావరి వాళ్ళలాగే.

తణుకు అమ్మమ్మ (ప్రస్తుతం షార్లెట్‌లో కూతురి దగ్గర)

అయ్యో, వరి రైతులా! ఇన్నాళ్ళు పక్కింటావిడతో నడుస్తున్నాను. వాళ్ళ పెద్దలది సౌత్ కరొలైనా తీరమేనని చెప్పింది. అన్నం ఎలా వార్చేవారో రేపు నడకలో అడుగుతాను.

బుజ్జిగాడి అమ్మ (అట్లాంటా)

అడిగి ఇక్కడ రాయండి అమ్మమ్మ గారూ. ఈ రాత్రి మా వాడికి పప్పన్నం కలిపేటప్పుడు వరి దగ్గర్నుంచే మొదలుపెడతాను.